వేరే కంపెనీ ఛార్జర్ అడిగిన నంబరు

"నంబర్ వచ్చిందా? చదువు."

"వచ్చింది. రెండు, తొమ్మిది, నాలుగు, ఏడు."

"ముందునుంచి చెప్తున్నవా, ఎనకనుంచా?"

"నీకెట్లొస్తే గట్ల కొట్టుకో. ఈడ పప్పు పొంగుతున్నది."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఫోను పెట్టేసింది నేనే. పప్పు నిజంగానే పొంగింది. పొయ్యి చుట్టూ పసుపు నీళ్ళు కారాయి. గుడ్డ తెచ్చి తుడిచాను. నేను అది తుడుస్తున్నప్పుడు మా ఆయన ఉప్పల్‌లో, వేరే కంపెనీ కార్ల షోరూము ముందు, మా కారులో కూర్చుని నేను చెప్పిన నాలుగు అంకెలు ఫోనులో కొడుతున్నాడు. ఆ సీట్లోనే ఆయనకు గుండె పట్టేసింది. దవాఖానాకు తీసుకుపోయేలోపు పోయాడు.

ఇది నేను రాస్తున్నది కాదు, చెప్తున్నది. రాసేది మా ఆడబిడ్డ కూతురు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. అంకెలు మాత్రం బాగా వస్తాయి, ముప్పై ఏళ్ళు అంకెలతోనే బతికాను. నా గొంతు ఇట్లా గీరుకుపోయింది కూడా ఆ పనిలోనే. మొదలుపెట్టే ముందే పిల్లకు చెప్పాను.

"నేను చెప్పేది నలుగురు చదివేటట్టు మంచిగ రాయి. కాని మనుషులు మాట్లాడిన మాటలు ఎట్లున్నయో గట్లనే ఉంచు. ఆ నాలుగు అంకెలైతే నా నోట్ల ఏ వరుసల వచ్చినయో అదే వరుసల రాయి. దిద్దకు."

"దిద్దను అత్తమ్మా. నువ్వు చెప్పు" అంది.

ఎందుకు అంత పట్టింపు అంటే, నా పని సంగతి చెప్పాలి.

నాచారంలో మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగు నాది. ఆయన అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాత్రల డబ్బాల మీద బ్యాచ్ నంబరు కొట్టి ఉంటుంది. పైన అట్టపెట్టె మీద ఉన్న నంబరూ లోపలి డబ్బా మీది నంబరూ ఒకటేనా అని చూడాలి. నేను డబ్బా పట్టుకుని పైకి చదవాలి. ఎదురుగా కూర్చున్న ఆమె విన్నది విన్నట్టు రాయాలి. రాసింది ఆమె తిరిగి చదివితే నేను డబ్బాతో సరిచూడాలి. అప్పుడే ఇద్దరి సంతకాలు. రాసేటామె నా చేతిలోని డబ్బా వైపు చూడకూడదు. చూస్తే కన్ను చెవిని పని చేయనియ్యదు అనేది మా సూపర్‌వైజరమ్మ.

ఇంకో పద్ధతి కూడా ఆమే నేర్పింది. నంబరును చివరి అంకె నుంచి ముందుకు చదవాలి. ముందుండే అంకెలు అన్ని డబ్బాలకూ ఒకటే, మారేది చివర్లోనే. ముందునుంచి చదివితే నోరు అలవాటు కొద్దీ పోతుంటుంది, కన్ను చూడటం మానేస్తుంది. అందుకని వెనకనుంచి. మిషన్ల చప్పుడులో ఆ అంకెలను అరిచి చెప్పేదాన్ని. ముప్పై ఏళ్ళు అట్లా అరిస్తే గొంతు ఇట్లా కాక ఇంకెట్లా ఉంటుంది.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఒకసారి ఆయన కన్ను చూపించుకోవడానికి దవాఖానాకు పోయాం. చీటీ నా చేతికిచ్చి ఎంత నంబరని అడిగాడు. నలభై ఒకటి అన్నాను. పద్నాలుగు పిలిచారు, ఎవరూ లేవలేదు, మేము కూడా అటూ ఇటూ చూశాం ఎవరబ్బా ఆ పద్నాలుగు అని. ముప్పై దాటాక ఆయనకు ఏదో తోచి చీటీ లాక్కుని చూశాడు. అది పద్నాలుగు. కోప్పడతాడనుకున్నాను.

"ఇంటికాడనన్న ఫ్యాక్టరీ బంద్ జెయ్యవే" అన్నాడు అంతే.

అప్పటినుంచి నేను ఏ నంబరు చెప్పినా, బస్సుదైనా ఇంటిదైనా, ఆయన అడిగే మాట ఒకటే. ముందునుంచా, ఎనకనుంచా. మా ఇంట్లో అది అన్నం తిన్నావా అన్నంత మామూలు మాట. ఆ రోజు కూడా అట్లాగే అడిగాడు. నేనే చెప్పలేదు.

ఇక కారు సంగతి. ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక ఆయన కరెంటుతో నడిచే కారు ఒకటి, వాడినది, తీసుకున్నాడు. పొద్దున షిఫ్టుకు సైనిక్‌పురి వైపు నుంచి మా పాత ఫ్యాక్టరీ వాళ్ళను నలుగురిని ఎక్కించుకుని నాచారంలో దించి వచ్చేవాడు. ఇంటి ప్లగ్గుకు పెడితే నిండటానికి రెండు పూటలు పట్టేది. గబగబా ఎక్కించే పెద్ద మిషన్లు వేరే ఉంటాయి. మా కారు చేసిన కంపెనీ వాళ్ళది ఒకటి నాచారం రోడ్డు మీదే ఉండేది. అది ఒక రోజు పనిచేస్తే మూడు రోజులు పడుకునేది. పోయి చూసి, గన్ను తీసి మళ్ళీ పెట్టి, తిట్టుకుంటూ వచ్చేవాడు. గన్ను అంటే పెట్రోలు బంకులో ఉండే పైపు మూతిలాంటిది, దాన్నే కారుకు తగిలించాలి.

తర్వాత ఉప్పల్‌లో వేరే కంపెనీ కార్ల షోరూము ముందు పెద్ద మిషను పెట్టారు. తమ కార్లకే కాదు, ఎవరి కారుకైనా ఇస్తామన్నారు. ఆయన ఆ మాట చెప్పిన రోజు నాకు తలా తోకా తెలియలేదు.

"వాళ్ళ కారు కొననోళ్ళకు వాళ్ళ కరెంటు ఎందుకిస్తరు?" అన్నాను.

"ఊరికెనా ఏంది, పైసలకే. ఎవని కారైతేంది వాళ్ళకు."

"మరి మన కంపెనోళ్ళు ఏమన్న అనుకుంటరేమో."

"మన కంపెనోళ్ళు మన మొకం సూసి ఎన్నొద్దులైందే?"

"వాళ్ళ కరెంటు మన బండికి పడ్తదా?"

ఆయనకు ఇట్లాంటివి చెప్పడం ఇష్టం. చెయ్యి కడుక్కుని వచ్చి మరీ చెప్పాడు. "కరెంటు కరెంటే. కాని ఎక్కే ముంగట ఆ మిషనూ మన బండీ మాట్లాడుకుంటయి. నువ్వెవరు, నీకెంత గావాలె, ఎంత తట్టుకుంటవ్ అని అడుగుతది. రెండిటికి కుదిరితేనే ఇస్తది."

"తెలుగులనా?"

"ఇంగ్లీషుల. అందుకే నీకు ఇనబడది."

ఒకరోజు నన్నూ తీసుకుపోయాడు. అక్కడ గన్ను వైరు పొట్టిది. వాళ్ళ కార్లకు గన్ను తగిలించే నోరు వెనకవైపు ఉంటుందట, మా కారుకు ముందు, నంబరు ప్లేటు పైన. బండి ఆపే గీతలు కూడా వాళ్ళ కార్లకు తగ్గట్టే గీసి ఉన్నాయి. గేటు దగ్గర ఒక ముసలాయన, వాచ్‌మన్, చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"రివర్స్ రావాలె సార్, రివర్స్."

"మా బండి నోరు ముంగటున్నదన్నా" అన్నాడు ఈయన.

ఈయన ఏ బండినైనా వెనక్కి పెట్టి ఆపే మనిషి. ఏదైనా జరిగితే నేరుగా బయటికి పోవాలని ఫ్యాక్టరీలో నేర్పారు. అక్కడ మాత్రం ముక్కు గోడకు పెట్టాల్సి వచ్చింది. పెట్టి దిగి, కారును చూసి కాసేపు నిలబడ్డాడు. మనసొప్పలేదు పాపం.

మొదటిసారి పెడితే మిషనులో ఎర్ర లైటు వచ్చింది. తీసి పెట్టాడు, మళ్ళీ ఎర్రదే. మూడోసారి లోపల ఫ్యాను ఒకటి గుర్రుమంది, లైటు పచ్చగా అయింది. "కుదిరింది ఇద్దరికి" అన్నాడు. ఎండకు నేను షోరూము లోపలికి పోయి కూర్చున్నాను. మంచి చీర కట్టుకున్న ఒకామె చల్లటి నీళ్ళు ఇచ్చి, ఏ మోడల్ చూస్తారు మేడమ్ అంది. "మాది మీ కారు కాదమ్మా, కరెంటుకొచ్చినం" అన్నాను. ఆమె పరవాలేదు కూర్చోండి అంది గానీ, పిలవని పెండ్లికి పోయి మొదటి బంతిలో కూర్చున్నట్టే అయింది నాకు. నీళ్ళు కూడా సగమే తాగాను.

ఆ మిషను నడవాలంటే వాళ్ళ యాపు ఫోనులో ఉండాలి. ఆయన నంబరు వేస్తే ఇది ఇంకెవరి పేరు మీదనో ఉంది పొమ్మందట. ఆ సిమ్ము ఆయనకంటే ముందు ఎవరి దగ్గర ఉండేదో. అందుకని నా నంబరు ఇచ్చాడు. యాపు ఆయన ఫోనులో, దానికి వచ్చే నాలుగంకెల మెసేజ్ నా ఫోనుకు. ఇంట్లోనే పెట్టుకున్నాడు కాబట్టి మొదటిసారి నా చేతిలోంచి ఫోను తీసుకుని ఆయనే చూసుకున్నాడు. గ్యాసు బండ తెచ్చినాయన అడిగినా నేను ఫోను చూపిస్తాను, చదవను. ఇట్లాంటి మెసేజ్ ఎవరికైనా నోటితో చదివి చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన పోయిన రోజు యాపు ఆయనను తనంతట తానే బయటికి తోసేసిందట, మళ్ళీ నంబరు అడిగింది. ఆయన నాకు ఫోను చేశాడు. తర్వాతది మొదట్లోనే చెప్పాను.

పదకొండో రోజు అయ్యాక కారు తెచ్చుకోవడానికి నేనూ ఈ పిల్లా పోయాం. కారును మిషను దగ్గరనుంచి తోసి గోడ వారన పెట్టారు. తాళంచెవి వాచ్‌మన్ జేబులోనే దాచాడు. పదకొండు రోజులూ అది ఆయన జేబులోనే ఉందట. నన్ను చూడగానే టోపీ తీశాడు.

"సార్‌ను మా షోరూము కార్లనే దవాఖానాకు తీసుకపోయినం అమ్మా. ఆలస్యం జెయ్యలే."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఆఖరున ఎక్కింది కూడా వాళ్ళ కారే. వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి అడిగాను. నాకు తెలియాల్సింది ఒక్కటే, నేను ఫోను పెట్టేశాక ఆయన ఏం చేశాడని.

"ఏమున్నదమ్మా, గన్ను పెట్టిండు, కార్ల కూసుండు. ఫోన్ల మాట్లాడిండు. ఇంక నవ్వుకుంట ఫోన్ల ఏదో కొట్టిండు."

"నవ్విండా?"

"నవ్విండమ్మా." గేటు వైపు చూశాడు. "నవ్విండో, మొకమే గట్ల పెట్టిండో. నేను గేటుకాడున్న, గంత దూరం నుంచి ఏం జెప్పాలె."

"మిషను నడిసిందా మరి?"

"ఫ్యాను సప్పుడైతే ఇన్న. కాని దానికి రెండు గన్నులమ్మా. అటుపక్క గన్నుకు మా కంపెనీ బండి ఒకటి పెట్టి ఉండె. ఎవల ఫ్యాను ఎవలదో."

నాకు ఏడుపు రాలేదు, తిక్క వచ్చింది. ఒక మనిషి నవ్వాడో నొప్పికి మొహం ముడుచుకున్నాడో, మిషను తిరిగింది మాకో పక్కవాళ్ళకో, ఒక్కటి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు.

కారు తీయబోతే బ్యాటరీ కొంచెమే ఉంది. వచ్చిన పని ఎట్లాగూ ఇక్కడే కదా, ఎక్కించుకుని పోదాం అంది పిల్ల. ఆయన ఫోను తెరవాలంటే ఆయన వేలు కావాలి, అది ఇక లేదు. అందుకని పిల్ల తన ఫోనులో ఆ యాపు వేసుకుని నా నంబరు కొట్టింది. నా చేతిలో ఫోను టింగుమంది.

"ఎంతొచ్చింది అత్తమ్మా?"

నేను చూడకుండా ఫోను ఆమె చేతిలో పెట్టాను. "నువ్వే సూసుకో."

లోపలికి పోగానే ఇదివరకు ఎప్పుడెప్పుడు ఎక్కించారో పట్టీ కనిపిస్తుందట. పిల్ల వేలితో కిందికి జరిపి, ఆగిపోయింది. "అత్తమ్మా, ఆ రోజుది ఉన్నది. పదకొండు ఇరవైకి మొదలైంది. తొమ్మిది నిమిషాలు ఎక్కింది. అప్పుడు ఎవరో ఎర్ర బటన్ నొక్కి ఆపిన్రు."

"నేనే నొక్కిన" అన్నాడు వాచ్‌మన్ మెల్లగా.

అంటే మిషను మాకే తిరిగింది. ఆయన కొట్టిన నంబరు పనిచేసింది. పిల్ల నా ఫోను కూడా చూసింది. ఆయన నాకు చేసిన ఫోను పదకొండు పద్నాలుగుకు. ఆ పూట వచ్చిన మెసేజ్ కూడా ఒక్కటే, ఆయన రెండో నంబరు అడగలేదు.

"నువ్వు చెప్పిన నంబర్‌తోనే అయింది అత్తమ్మా. ఇగ ఫికర్ దేనికి?"

పద్నాలుగు నుంచి ఇరవై, ఆరు నిమిషాలు. దేనికి పట్టాయి ఆ ఆరు నిమిషాలు? నా నంబరు తిరగబడి ఉంటే, ఒకసారి కొట్టి, అది కాదంటే ఎండలో కూర్చుని తిప్పి కొట్టి ఉంటాడు. గుండె పట్టేస్తున్న మనిషి. ఆయనకు మిగిలినవే పావుగంటో ఏమో, అందులో ఆరు నిమిషాలు నేను తినేశానా? అడిగినప్పుడు ముందునుంచే అనో, వెనకనుంచి అనో ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? పప్పే కదా.

ఇదే మాట పిల్లతో అన్నాను. పిల్ల గన్ను తీసి కారుకు పెట్టింది. ఎర్ర లైటు. తీసి పెట్టింది, మళ్ళీ ఎర్రదే. కారు తాళం వేసి తీసి, ఇంకోసారి. ఫోనులో టైము చూపించింది.

"సూడు, మనకే ఐదు నిమిషాలైంది. నంబర్ కొట్టుడు ఎంతసేపు, ఈ మిషను మన బండిని ఒప్పుకునుడే ఆలస్యం. మామకు గూడ గిదే అయి ఉంటది."

"అయి ఉంటది" అన్నాను. ఉంటది అంటే ఉన్నది కాదు కదా. అప్పుడు పచ్చ లైటు వచ్చింది. ఫ్యాను గుర్రుమంది. లోపలినుంచి ఆ మంచి చీర ఆమె వచ్చి, మీరు లోపల కూర్చోండి మేడమ్ అంది. ఈసారి ఏ మోడల్ అని అడగలేదు. పోయి కూర్చున్నాను. నీళ్ళు మొత్తం తాగాను.

ఇప్పుడు ఆ కారు ఈ పిల్లే నడుపుతుంది. వారానికొకసారి అదే మిషను దగ్గరికి పోతాం. నేను ఎందుకు పోతానో నాకే తెలియదు. వాచ్‌మన్ ఇప్పుడు రివర్స్ రమ్మనడు, మా కారును చూడగానే ముక్కు గోడకు పెట్టే చోటు ఖాళీ చేయిస్తాడు.

నేను ఆ నంబరు ఏ వరుసలో చెప్పానో మరచిపోలేదు. పైన చెప్పిందే, ఆ నాలుగు అంకెలూ అట్లాగే నా నోట్లో తిరుగుతున్నాయి. తెలియనిది ఒక్కటే, మెసేజ్‌లో అవి ఏ వరుసలో ఉన్నాయో. చూసి చదివింది నేనే కదా, గుర్తు లేదా అంటారు. లేదు. పప్పు గుర్తుంది, పొంగిన చప్పుడు గుర్తుంది, అంకెల వరుస నోటికి గుర్తుంది గాని కంటికి లేదు. ఇన్ని రోజులూ ఆ మెసేజ్ తెరవలేదు. ముందే చూస్తే, నేను చెప్పింది కూడా అట్లాగే అనిపిస్తుంది. కన్ను నోటిని నమ్మనియ్యదు. అందుకే ముందు నోటిది కాగితం మీదికి రావాలనుకున్నాను. ఈ రాయించడం అంతా దానికోసమే. మిగతా కథ దానివెంట వచ్చింది.

రెండు ఒకటే అయితే, నేను చక్కగానే చెప్పాను. ఆయన ఊరికే అడిగాడు, ఊరికే తిట్టు తిన్నాడు. ఆరు నిమిషాలు మిషనువి. తిరగబడి ఉంటే ఆయనే తిప్పుకున్నాడు. అడిగితే చెప్పని పెండ్లాం మాటను ఆఖరుసారి సరిచేసుకున్నాడు, అప్పుడు వాచ్‌మన్ చూసిన నవ్వు నవ్వే అయి ఉండొచ్చు. ఈ రెండింట్లో నాకు ఏది కావాలో అడిగితే చెప్పలేను. పొద్దున ఒకటి అనిపిస్తుంది, అన్నం తిన్నాక ఇంకోటి.

ఇందాక తారీఖు చూసి ఆ మెసేజ్ పిల్లే వెతికిపెట్టింది. అంకెలున్నచోట వేలు అడ్డం పెట్టి, చూడకుండా కాగితం ముక్క అంటించి ఇచ్చింది. ఫోను ఇప్పుడు నా చేతిలో ఉంది. గోరు కాగితం అంచు మీద ఉంది. రాసినవాళ్ళు తిరిగి చదవాలి, పట్టుకున్నవాళ్ళు సరిచూడాలి, పద్ధతి అదే.

ఇగ చాలు బిడ్డా, కలం పెట్టు. మొదట్నుంచి చదివి వినిపియ్యి. నా దిక్కు చూడకు. ఆ నంబర్ కాడికి వచ్చినప్పుడు జర నిదానంగ చదువు, ఒక్కొక్క అంకె. ముందునుంచి.